తొమ్మిది నిమిషాలు

ఒహాయోలోని ఈ నర్సింగ్ హోములో మా ఆవిడ లొరేన్ ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. తుంటి విరిగి పక్క మంచంలో ఉన్న నేను బెల్లు నొక్కి గడియారం చూశాను.

బెల్లంటాం గానీ అది మోగదు, గుమ్మంపైన దీపం వెలుగుతుంది. చూసేవాళ్లుంటేనే పిలిచినట్టు.

మూడో నిమిషానికి ఆమె పెదాలు నీలమయ్యాయి. "లొరేన్, ఏదో ఒకటి తిట్టవే," అన్నాను. చెయ్యి చాచాను. అందలేదు.

తొమ్మిదో నిమిషంలో నర్సు వచ్చి గొట్టం తగిలించింది. లొరేన్‌కి ఊపిరాడింది.

"చచ్చిపోయేదమ్మా."

"తొమ్మిది నిమిషాలేగా తాతగారూ. అప్పట్లో లైసెన్సు తనిఖీకొచ్చిన పెద్దమనిషే తొమ్మిది నిమిషాలైతే ఫరవాలేదని రాశాడట."

ఆ పెద్దమనిషిని నేనే. ఆ రోజు ఈ గదిలోనే బెల్లు నొక్కి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. చేతిలో కాఫీ సగం కూడా తాగలేదు, నర్సు వచ్చేసింది.