చిన్న చేతికి తగినది

"ఇది మీ చెల్లె చేతిల ఆగదు సారూ" అంటూ జానిమియా పెద్ద రివాల్వర్‌ను బల్ల మీది నుంచి తీసేశాడు. "సేరుకు పైనే బరువుంటది. రొంటిల దోపుకుంటే చీర కుచ్చిళ్లతో సహా కిందికొస్తది."

సూర్యాపేట బస్టాండు వెనక ఉన్న ఆ తుపాకుల దుకాణంలో అడుగుపెట్టడం రామచంద్రయ్యకు అదే మొదటిసారి. ఆయన కోదాడ బడిలో లెక్కల పంతులు. చెల్లెలు కన్యక పేర మంజూరైన లైసెన్సు పుస్తకం నిన్న మధ్యాహ్నమే పోస్టులో వచ్చింది. పొద్దున్నే దాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

"చెల్లెను తోల్కరాకపోతిరి?"

"ఆమె రాదు."

"అవు, ఆడోళ్లు గీడికెందుకొస్తరు లెండ్రి. ఎంత పొడుగుంటది?"

రామచంద్రయ్య చుట్టూ చూశాడు. మూలన ఒకామె చీపురు పట్టుకుని వంగి ఊడుస్తోంది. సన్నటి మనిషి, బక్కపలచని చేతులు.

"ఆమె అంత" అన్నాడు.

"ఓ సైదమ్మా! చీపురు ఆడ పెట్టి జర ఇటు రా."

సైదమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. జానిమియా బల్ల మీద పెట్టిన ఇంకో పిస్తోలు చూసి ఆగిపోయింది. "నేనేం తప్పు చేసిన మియా?"

"తప్పు కాదు. ఖాళీదే. రొంటిల దోపు, సారు సూస్తడు."

"ఇన్నేండ్లు ఆకువక్కల సంచి దోపిన. ఇగ ఇది దోపిన్నని తెలిస్తే మా ఇంటాయన కూరల ఉప్పు తక్కువైందని నోరెత్తడు" అంటూ తీసుకుంది.

అది బెల్జియం పిస్తోలు. పలకలా ఉంది. చీర మడతలో దోపితే ఉన్నట్టే తెలియలేదు. కానీ కాల్చే ముందు పైనున్న ఉక్కు తొడుగును వెనక్కి లాగాలి. సైదమ్మ పళ్లు బిగబట్టి లాగింది. అది కదలలేదు.

"బాయిల బొక్కెన తోడుడు దీనికంటె నయం" అంది.

"చేతుల బలం లేనోళ్లకు ఇది కుదరదు" అని జానిమియా ఒప్పుకున్నాడు. "ముందే లాగి పెట్టుకున్నమంటె నడుముల నిప్పు పెట్టుకున్నట్టే. ఇంతకు మీ చెల్లెకు ఎవరితోని సారూ పంచాయితి?"

రామచంద్రయ్య క్లుప్తంగా చెప్పాడు. భర్త పోయాక కన్యకకు మిగిలింది మిర్యాలగూడ దగ్గర నాలుగెకరాలు. సాగర్ కాలువ నీళ్లు రానంతకాలం ఆ భూమి ఊసెత్తినవాడు లేడు. నీళ్లు వచ్చిన ఏడాదే భర్త దాయాదులు అది మాదన్నారు. చేలోకి వస్తే తిరిగి ఇంటికి పోవన్నారు. కన్యక చేను వదలలేదు, లైసెన్సుకు అర్జీ పెట్టింది.

తర్వాతి సంగతి ఆయన చెప్పలేదు. పోలీసులు ఆమె నడవడి గురించి అన్న రాసిన ఉత్తరం అడిగారు. ఆడమనిషి రొంటిలో తుపాకీ ఏమిటి, నలుగురూ ఏమనుకుంటారని ఆయన రెండు నెలలు రాయలేదు.

జానిమియా లోపలి గదిలోంచి ఇంకోటి తెచ్చాడు. పొట్టి రివాల్వర్. "ఐదు గుండ్లు. వెనక కొక్కెం బయటికి లేదు, సూడుండ్రి. తీసేటప్పుడు బట్టకు తట్టుకోదు. లాగుడు లేదు, గుంజుడు లేదు. వేలు నొక్కితే సాలు."

సైదమ్మ దోపుకుంది. కూర్చుంది, లేచింది, వంగి చీపురు అందుకుంది. అది కదలలేదు, కనిపించలేదు.

"ఆమె ఎడమచేతిలో సద్దిగిన్నె ఉందనుకోండి" అన్నాడు రామచంద్రయ్య.

"కుడిచెయ్యి ఖాళీయే గద."

"వెనక కాలువ. జరగడానికి చోటు లేదు."

"ఎందుకు జరగాలె?"

"ఎదురుగా ఇద్దరు. ముందువాడి చేతిలో గొడ్డలి. పది అడుగుల దూరం."

జానిమియా నవ్వాడు. "లెక్కల పరీక్ష పెడుతున్నరా సారూ?"

రామచంద్రయ్య నవ్వలేదు. "ఒకసారి చేసి చూపించండి."

సైదమ్మ గోడకు ఆనుకుని నిలబడి, ఎడమచేత్తో నీళ్ల చెంబు పట్టుకుంది. జానిమియా గొట్టాలు తుడిచే ఇనుప కడ్డీ ఎత్తుకుని గుమ్మం దగ్గర్నుంచి ఆమె మీదికి వచ్చాడు. రెండో అడుగు పడకముందే రివాల్వర్ బయటికొచ్చింది. టక్కుమంది.

"సచ్చినవ్ మియా!" అని సైదమ్మ పకపకా నవ్వింది. చెంబులోని నీళ్లు తొణకలేదు.

"ఇంకోసారి" అన్నాడు రామచంద్రయ్య.

మళ్లీ చేశారు. మళ్లీ రెండో అడుగులోపే.

"ఇంకోసారి."

మూడోసారి జానిమియా పరుగెత్తుకుంటూ వచ్చాడు. అయినా ఆమె చెయ్యే ముందుంది.

జానిమియా కడ్డీ కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు. "ఇగ పరేషాన్ లేదు సారూ. ఇది రొంటిల ఉంటే మీ చెల్లె దగ్గరికి ఎవడు రాడు."

రామచంద్రయ్య రివాల్వర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "ఇది రెండు నెలల కిందట కూడా మీ దగ్గర ఉందా?"

"ఏడాది నుంచి ఉన్నది. ఎందుకు?"

"ఊరికే."

"దీన్ని పక్కన పెడత. రిజిస్టర్ల ఆమెనే దస్కత్ పెట్టాలె, అది కాయిదా. రేపే తోల్కరాండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి."

రామచంద్రయ్య తలూపాడు. బల్ల మీది లైసెన్సు పుస్తకం తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "శ్రమ ఇచ్చాను సైదమ్మా" అన్నాడు. ఆమె సిగ్గుపడి చీపురు అందుకుంది.

బయట ఎండ మండుతోంది. కోదాడ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

కన్యక పెద్దకర్మ ముందురోజే అయింది.