నెమ్ము చూపిన బస్సు తలుపు

బస్సు ఎక్కేవాళ్ల ఛాతీని తలుపే ఎక్స్‌రే తీసే రోజులవి. ఆ ఉదయం కొల్లేటి లంకలో చేపల తట్టతో ఎక్కిన పెద్దింట్లమ్మకు కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ కనిపించింది. తలుపు మీది తెర ఆ మచ్చ చుట్టూ ఎర్రగీత గీసి, నెమ్మున్న మనిషిని దించెయ్యమంది.

“దిగు పిన్నీ, ఆసుపత్రి బండికి కబురు పెడతాను,” అంది కండక్టరు రాజమణి.

“చేపలు పాడైపోతాయమ్మా,” అంది పెద్దింట్లమ్మ. ఆ రెండు మాటలకే ఆయాసం ముంచుకొచ్చింది.

బండి రావడానికి గంట పడుతుందన్నారు. రాజమణికి కాలు నిలవలేదు. తలుపు దాకా వెళ్లింది, వెనక్కొచ్చింది.

“అన్నా, నేరుగా ఆసుపత్రికి పోనీ,” అంది డ్రైవరుతో. ప్రయాణికులు సణిగారుగానీ ఎవరూ దిగలేదు.

పెద్దింట్లమ్మ పదోరోజుకి కోలుకుని ఇల్లు చేరింది. రాజమణికి మాత్రం డిపోలో మెమో ఇచ్చారు. సంజాయిషీలో ఆమె ఇంతే రాసింది: “తలుపు దించమంది. మనిషి దిగే స్థితిలో లేదు.”