దుర్గవ్వ కొనని వెంట్రుకలు

"గీ ఎంటికలు నాకద్దు బిడ్డా. నువ్వే ఉంచుకో."

దుర్గవ్వ కవరును స్వర్ణలత చేతికి తిరిగి ఇచ్చేసింది.

వాడవాడా తిరిగి, దువ్వెనకు ఊడిన వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే మనిషి ఆమె. కోరుట్లలో ఆ వీధికి రావడం అదే మొదటిసారి.

దుకాణానికి బయలుదేరుతున్న తిరుపతి గుమ్మంలో ఆగాడు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిన కుటుంబం అతనిది. ఇప్పుడు కోరుట్లలో బట్టల వ్యాపారం. సరుకుకు వంక పెట్టేవాళ్లు బేరానికే పెడతారని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు.

"ఏందవ్వా, ఎంటికలల్ల గూడ ఫస్టు రకం, సెకండు రకం ఉంటయా?"

"గట్ల గాదు సేటూ. ఇవి చిన్నపొల్లవి. ఎండిన గడ్డి లెక్క ఇరుగుతున్నయి. బిడ్డకెన్నేండ్లు?"

"తొమ్మిది," అంది స్వర్ణలత.

"చలి చలి అంటదా? ఎప్పుడు సూసినా పండుకుంటదా? నిరుటి లంగా ఇంకా సరిపోతున్నదా?"

స్వర్ణలత భర్త వైపు చూసింది. నిరుడు బతుకమ్మకు కుట్టించిన లంగా కూతురు రచనకు ఈ బతుకమ్మకూ సరిపోయింది. గుడ్డ కలిసొచ్చిందని తిరుపతే సంతోషపడ్డాడు.

"గొంతుల థైరాయిడని ఉంటది సేటూ. అది తక్కువైతే గిట్లనే అయితది. జగిత్యాల తోలుకపోయి రక్తం పరీక్ష చేయించు. ఒక్క పరీక్షనే."

"నువ్వు గిన్నెలిచ్చేదానివా, డాక్టరమ్మవా?"

తిరుపతి నవ్వాడు.

"బేరం కుదరకపోతే పో. నా బిడ్డకు వంక పెట్టకు."

వారానికి ఆమె మళ్లీ వచ్చింది.

"చేయించినవా సేటూ?"

"ముందు నీ నోటికి చేయిస్త పరీక్ష."

మూడోసారి వచ్చినప్పుడు, బడి నుంచి వస్తున్న రచనను వీధిలోనే ఆపి, తల నిమిరి, గొంతు తడిమి చూసింది. అది తిరుపతి కంటపడింది.

"పిల్లల ఎంటికలు పట్టుకపోయి ఏం జేస్తున్నవే?"

వీధంతా వినపడేలా అరిచాడు. అంతకంటే ఏమీ అనక్కర్లేకపోయింది. ఊడిన వెంట్రుకలతో చేతబడి చేస్తారని ఆ వాడలో నమ్మని ఇల్లు లేదు.

ఎదురింటి పోచవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. పక్కింటి బాలరాజు గిన్నెల గంపను కాలితో తన్నాడు.

సొట్టపడ్డ గిన్నెలు ఏరుకుంటూనే అంది దుర్గవ్వ:

"నన్ను కొట్టుండ్రి సేటూ. బిడ్డకు పరీక్ష మాత్రం చేయించుండ్రి."

మాట పాకింది. ఆ తర్వాత కోరుట్లలో ఏ వాడా ఆమెను రానివ్వలేదు.

తిరుపతి లెక్క తిరుపతికి ఉంది. జుట్టు పలచబడితే గుండు చేయించాలి, ఒత్తుగా వస్తుంది. మొదట వేములవాడ. రాలేదు. ఏడాది చూసి కొండగట్టు. రాలేదు. ఇంకో ఏడాది చూసి ధర్మపురి.

మూడేళ్లు అలా ఖర్చయ్యాయి.

తోటి పిల్లలు ఎదిగిపోయారు. రచన మాత్రం ఎత్తు ప్రకారం నిలబెట్టే బడి వరుసలో ముందుకు, ముందుకు జరుగుతూ వచ్చింది. తలకు రుమాలు కట్టుకుని, అడిగినదానికి కూడా బదులు చెప్పడం మానేసింది.

ఒక పొద్దున ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. వెంటనే జగిత్యాల తీసుకుపోండని టీచరే గట్టిగా చెప్పింది.

రిపోర్టు చూసి డాక్టరు రచనను గోడ దగ్గర నిలబెట్టి కొలిచాడు.

"పన్నెండేళ్లా? తొమ్మిదేళ్ల పిల్ల ఎత్తే ఉంది. థైరాయిడ్ బాగా తక్కువైంది. రోజూ పొద్దున గోళీ వేయండి. జుట్టు వస్తుంది."

"ఎత్తు సార్?"

"కొంత రావచ్చు. పోయిందంతా రాదు. ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదా?"

తిరుపతి గోళీల చీటీ తీసుకుని లేచాడు.

బస్సు కోరుట్ల చేరింది. దిగుతుంటే స్వర్ణలత అంది:

"గా గిన్నెలామెకెట్ల ఎరుక?"

ఆ ప్రశ్నే తిరుపతికి ఆశ అయింది. చూడనిది ఎవరికీ తెలియదు. చూసిందంటే బాగుపడిన పిల్లనే చూసుండాలి. లేకపోతే అంత పట్టుబట్టి ఎందుకు చెబుతుంది? ఏ డాక్టరో, ఏ మందో అడగాలి. కాళ్లు పట్టుకునైనా అడగాలి.

దుర్గవ్వది కథలాపూర్ అని గిన్నెల దుకాణం గంగారాం చెప్పాడు. తెల్లారే వెళ్లాడు.

రేకుల ఇంటి ముందు ఒక పిల్ల తలొంచుకుని బియ్యం చెరుగుతోంది. రచన అంతే ఉంది. నడుం దాటిన నల్లటి జడ.

ఆ జడ చూడగానే తిరుపతికి ప్రాణం లేచి వచ్చింది. మనవరాలై ఉంటుంది అనుకున్నాడు.

"దుర్గవ్వ ఉన్నదా బిడ్డా?"

"లేదు సార్. పోయిన ఎండకాలం సచ్చిపోయింది. కోరుట్ల బందయినంక దూరం ఊర్లు తిరిగేది. ఎండదెబ్బ తాకింది."

అయినా తిరుపతి అడగడానికి వచ్చింది అడగాలి.

"నీకు గిట్ల థైరాయిడ్ ఉండెనా?"

"ఉన్నది. గోళీలేస్తేనే గీ ఎంటికలచ్చినయి."

"నా బిడ్డకు గూడ గదే. నీ అంతనే ఉంటది. ఎత్తు గూడ పెరుగుతదంటవా? నువ్వే క్లాసు సదువుతున్నవు? దుర్గవ్వ మనవరాలివే గదా?"

ఆ పిల్ల చేట కింద పెట్టి, తల ఎత్తి అతన్ని చూసింది.

"మనవరాలిని గాదు సార్, కన్నబిడ్డను, నాకు ఇరువై ఆరేండ్లు, మా అవ్వకప్పుడు చెప్పెటోళ్లు ఎవ్వలు లేకుండె."