హోల్డెన్ ఆగిన వీధి

ఆస్ట్రేలియాలో సంసారులు తోలుకునే హోల్డెన్ కారుకే రేసు ఇంజను బిగించిన రకం అది. అవతలి పార్టీ జీపులకు అందకూడదని ఫ్యాక్షన్ నాయకుడు రెడ్డి మద్రాసు వేలంలో కొన్నాడు. దాని చప్పుడు వినగానే చాపాడు దగ్గరి ఒక పల్లెలో తలుపులన్నీ మూసుకున్నాయి.

రెడ్డి డ్రైవరు ఆదినారాయణ మంత్రసాని పోలమ్మ తలుపు బాదాడు.

"అత్తా, కార్లో నా పెండ్లాం ఉంది. నొప్పులు పడతాంది. ప్రొద్దుటూరు ఆస్పత్రి దాకా తట్టుకునేట్టు లేదు. రెడ్డి లేడు, మేమిద్దరమే."

చాలాసేపటికి పోలమ్మ తలుపు తీసింది.

"ఆమెను ఈడికే ఎత్తకరాప్పా. ఆ కార్లోకి నేను రాను."

భార్యను మోసుకొచ్చి లోపల పడుకోబెట్టాడు. తర్వాత బయట నిలబడి ఆమె కేకలు వినడం తప్ప అతను చేయగలిగిందేమీ లేకపోయింది.

చివరికి బిడ్డ ఏడుపు వినిపించింది. పోలమ్మ మగబిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"నీకు ఏమిచ్చుకునేదత్తా?" అన్నాడు ఆదినారాయణ, కళ్లనీళ్లతో.

"ఏమీ వద్దప్పా. పోయిన ఓట్లప్పుడు నా కొడుకును ఈ కార్లోనే ఎక్కిచ్చుకపోతివే. వాణ్ణి యాడ దించినారో అదొక్కటి చెప్పు."

అతనికి తెలుసు. అక్కడి నుంచి వాడు లేకుండా కారును వెనక్కి తోలింది తనే.