ఉత్తుత్తి ప్రమాదం

వాటర్ వర్క్స్ కంట్రోల్ రూమ్ తలుపు గోడకు కొట్టుకునేంత విసురుగా తెరుచుకుంది.

“డ్రిల్!” అంది ఇంజనీరు మేడమ్. “షెడ్డులో క్లోరిన్ గ్యాస్ లీకైందనుకోండి. ఊరికి నీళ్లు రిజర్వు ట్యాంకు నుంచి వదలండి. క్లోరిన్ కలిపే మెషీన్ ఆపండి. వెంటనే!”

పంపు ఆపరేటర్ నోటిదాకా వచ్చిన టీ గ్లాసును కింద పెట్టాడు. చెప్పాపెట్టకుండా ఒకరోజు డ్రిల్ ఉంటుందని ఆవిడ వారం నుంచీ చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది. ఆ రోజేదో ఇవాళే అన్నమాట. అతను ఉసూరుమంటూ స్విచ్‌బోర్డు వైపు కుర్చీ జరుపుకున్నాడు.

ఆ షెడ్డులో గ్యాస్‌ని పసిగట్టే కొత్త సెన్సర్లు బిగించారు. మొదట్లో వాటిని సైరన్‌కి కలిపారు. అది ఓసారి ఉత్తపుణ్యానికి మోగితే జనమంతా కాళ్లకు చెప్పులైనా లేకుండా గేటు మీద పడ్డారు. తొక్కిసలాటలో వాచ్‌మన్ చెయ్యి విరిగింది. తీరా చూస్తే లీకూ లేదు, పాడూ లేదు. అప్పట్నుంచి సెన్సర్లు ఏం చెప్పినా మేడమ్ ఫోన్‌కే చెబుతాయి.

“సైరన్ మోగించరా మేడమ్?”

“అక్కర్లేదు. డ్రిల్లే కదా. మీరు కానివ్వండి.”

కానిస్తూనే ఉన్నాడు. అయినా ఆవిడ వేళ్లు అతని కుర్చీ వీపు మీద టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. కిటికీ దగ్గరికి వెళ్లి చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది.

అతని ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేశాడు. భార్య.

“ఏవండీ, మీ మేడమ్‌కి మతుందా? క్వార్టర్స్ ఖాళీ చేయాలట, వ్యాన్ పంపింది! పొయ్యి మీద కూర సగంలో ఉంది. అమ్మేమో తన జడ పూర్తయితే గానీ కదలనంటోంది.”

ఆపరేటర్‌కి ఒళ్లు మండింది. “మేడమ్, మా ఆవిడ నెలలు నిండిన మనిషి. తనని వదిలేయండి. వచ్చిందని రాసేసుకుంటే పోలా?”

మేడమ్ అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“అమ్మా, పొయ్యి ఆపేసి వ్యానెక్కు. మీ అమ్మగారి జడ దార్లో అల్లొచ్చు. నీకు దండం పెడతాను, ఎక్కమ్మా!”

ఆపరేటర్ బిత్తరపోయాడు. పైవాళ్ల దగ్గర పేరు కొట్టేయడానికి మరీ ఇంత నాటకమా?

“ట్యాంకు మార్చేశాను. మెషీన్ ఆపేశాను” అన్నాడు ముభావంగా.

“అయితే మీరూ మైదానానికి నడవండి. షెడ్డు వైపు నుంచి కాదు, వెనక మెట్ల మీదుగా.”

వరండాలో ఫిట్టర్ బాబాయి కొత్త మాస్కుల సీలు చింపుతున్నాడు. వీపుకు గాలి సిలిండర్ తగిలించుకునే ఖరీదైన మాస్కులవి.

“ఏం బాబాయ్, డ్రిల్‌కి పాతవి చాలవా? స్టోర్ కీపర్ నీ ప్రాణం తీస్తాడు” అన్నాడు ఆపరేటర్.

మాటకు ముందో జోకు వేసే బాబాయి తలైనా ఎత్తలేదు. మేడమ్ రెండో మాస్కు తగిలించుకుని అతని వెంట షెడ్డు వైపు నడిచింది. ఆ నడక దాదాపు పరుగే.

మైదానంలో జనం విసుక్కుంటున్నారు. గేటు అంత దగ్గర పెట్టుకుని, వ్యాన్ చుట్టూ తిప్పి గాలికి ఎదురుగా ఇంత దూరం తేవడమేంటని ఒకరు. పిల్లాడి స్నానం మధ్యలో ఆగిపోయిందని ఒకరు. ఆపరేటర్ భార్య ప్లాస్టిక్ కుర్చీలో నడుం పట్టుకుని కూర్చుంది. అత్తగారు సగం అల్లిన జడ గుప్పిట్లో పట్టుకుని అల్లుడి కోసమే కాచుకుని ఉంది.

“ఇదేనా అల్లుడుగారూ మీ ఆఫీసు నిర్వాకం? నిండు గర్భిణిని ఎండలో కూర్చోబెట్టి ఆటలా?”

“ఇవాళ ఆవిడకి నాలుగు మాటలు వడ్డిస్తాను, మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా” అన్నాడు.

కానీ ఆవిడ రాదే! ఉత్తుత్తి లీకు ఆపడానికి ఎంతసేపు? అతను కూర్చున్నాడు, లేచాడు, అటూ ఇటూ తిరిగాడు. అనుకున్న నాలుగు మాటలూ ఒక్కొక్కటే మరిచిపోయాడు. ఫైరింజన్ ఒకటి వచ్చి తిన్నగా షెడ్డు వైపే వెళ్లింది. దీన్ని కూడా పిలిపించిందా అని ఎవరో నవ్వారు.

ఎట్టకేలకు ఇద్దరూ కనిపించారు. మాస్కులు చేతుల్లో వేలాడుతున్నాయి. బట్టలు నీళ్లలో ముంచి తీసినట్టు చెమటతో తడిసిపోయాయి. మేడమ్ నేరుగా వచ్చి అతని భార్య కుర్చీ పక్కన గడ్డిలో కూలబడింది. పెదాలు కదుపుతూ అక్కడున్న తలలన్నీ లెక్కపెట్టుకుంది. మళ్లీ ఓసారి లెక్కపెట్టుకుంది.

“ఇంతకీ డ్రిల్లులో మేం పాసా, ఫెయిలా మేడమ్?” అన్నాడు ఆపరేటర్ వెటకారంగా.

“డ్రిల్ రేపండీ” అందావిడ.