దొరబాబుకి లేని తాళం

పొద్దున్నే వీధితలుపు మాట్లాడింది. "హిమజగారూ, ఈరోజు మీపై దాడి జరగవచ్చు. మీ రక్షణ కోసం తాళం వేశాం." విలేకరుల ఇళ్లన్నిటికీ ప్రభుత్వం అలాంటి తలుపులే బిగించింది.

మామూలుగా అయితే హిమజ తల్లి నాగరత్నం ఆ మాటకి దేవుడికి దండం పెట్టుకునేది. కూతురు గడప దాటితే తిరిగొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి ఆవిడ.

"ఇవాళ కూడా కోర్టుకి వెళ్లకపోతే కేసు కొట్టేస్తారమ్మా. పోయిన వాయిదాలన్నీ ఈ తలుపే మింగేసింది," అంది హిమజ.

నాగరత్నం తలుపుకేసి తిరిగింది. "ఇంతకీ దాడి చేసేదెవడు?"

"ఇసుక రేవు దొరబాబు. వీధి మలుపులో టీ తాగుతున్నారు," అంది తలుపు.

"తాగుతున్నారా! దీని చెయ్యి విరగ్గొట్టిన వెధవకి మర్యాద కూడానా? అంతా తెలిసి దీన్నెందుకు బంధిస్తావు? ఆ తాళమేదో వాడి కొంపకి వెయ్యి!"

"క్షమించండి. నిందితులకు తాళం వేసే ఏర్పాటు లేదు."

నాగరత్నానికి ఒళ్లు మండిపోయింది. విలేకరి కాదు కనుక తలుపు ఆవిడకైతే తెరుచుకుంటుంది. తెరిచి, మూసుకోకుండా గడప మీద రుబ్బురోలి పొత్రం అడ్డం పెట్టింది. తలుపు దానికి గుద్దుకుని గోల పెట్టింది.

"ఆగవే, నేనెదురొస్తాను," అంటూ ముందుగా వీధిలోకి నడిచింది. మంచి పనికి బయల్దేరే బిడ్డకి తల్లి ఎదురు రావాలి కదా.

మలుపులో దొరబాబు గ్లాసు దించి నవ్వాడు.

"ఏంట్రా నవ్వుతావు? నా కూతురు నీ మీద సాక్ష్యం చెప్పడానికే వెళ్తోంది!" అని వీధంతా వినబడేలా అరిచింది నాగరత్నం. తర్వాత వెనుదిరిగి, గడప దాటి వస్తున్న కూతురికి ఎదురు నడిచింది.