ఎర్రబండి ముహూర్తం

"అయ్యయ్యో, మళ్ళీ ఇప్పేస్తున్నారేంటండీ!" వంటింటి కిటికీలోంచి ఇందిరాదేవి కేక పెట్టింది.

కృష్ణప్రసాద్ బానెట్ కింద తల దూర్చాడు. తల దాచుకోవడానికి దోహాలోని ఆ మెసైమీర్ పేట మొత్తంలో అంతకన్నా మంచి చోటు లేదు.

"కార్బ్యురేటర్ దగ్గుతోందోయ్. ఒక్క వారం ఆగు."

దగ్గూ లేదు, జలుబూ లేదు. బండి భేషుగ్గా ఉంది. లేనిదల్లా కృష్ణప్రసాద్‌కి లైసెన్సు. పొద్దున్నే డ్రైవింగ్ టెస్టులో మళ్ళీ ఫెయిలయి వచ్చాడు.

లైసెన్సు వచ్చేసిందని ఈ దేశం వచ్చిన కొత్తలోనే పెళ్ళాం దగ్గర కోతలు కోశాడు. ఇప్పుడు రాలేదని చెప్పే ముఖం ఏదీ? మనిషేమో లుసైల్ కొత్త సిటీకి రోడ్లు గీసే ఇంజినీరు. రౌండెబౌట్ల గురించి ఏ అనుమానమొచ్చినా ఆఫీసులో ఆయన్నే అడుగుతారు. తీరా టెస్టులో రౌండెబౌట్ దగ్గరికి రాగానే బ్రేకు తొక్కేస్తాడు. దోహాలో ఉన్న బళ్ళన్నీ వెళ్ళిపోయేదాకా మర్యాదగా నిలబడిపోతాడు. పక్కన కూర్చున్న పోలీసాయన కాసేపు చూసి, "ఖలాస్" అంటాడు. ఆఫీసుకి కంపెనీ బస్సు ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ గుట్టు దాగింది.

ఆ రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు అది కారు కాదు, ఉత్త తుప్పు. చమురు ధర ఆకాశంలో ఉండి దోహాలో డబ్బు పారుతోంది. ఊళ్ళో ప్రతివాడూ కొత్త కారు కొంటున్నాడు. ఈయన మాత్రం ఎవరిదో పాత షెడ్డులో ఇసుక తింటున్న దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. శుక్రవారం సెలవు వస్తే చాలు, విల్లా వెనక కూర్చుని గీకాడు, అతికాడు, రంగేశాడు. ఇంజిన్ మొదటిసారి స్టార్టయిన రోజు చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ గెంతాడు. ఆ సంబరం మూణ్ణాళ్ళే. ఆ తర్వాత టెస్టు పోయినప్పుడల్లా వచ్చి బండి ఇప్పడమే పనయింది.

ఇంకో చిత్రం ఏమిటంటే, "ఆ డొక్కుని ఎవడికైనా దానం చెయ్యండి" అని సాధించిన ఇందిరాదేవికి ఈ మధ్య బండి మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

"క్లచ్ అంత బిర్రుగా ఉంటే మీ మోకాళ్ళు ఏం కావాలి? కాస్త మెత్తగా చెయ్యండి," అంది. చేశాడు.

"ఆ స్టీరింగ్ తిప్పితే మీ భుజాలు పడిపోతాయి," అంది. తేలిగ్గా తిరిగేది వేశాడు.

"ఆ సీట్లో కూరుకుపోతున్నారండీ. నలుగురికీ కనపడొద్దూ?" అంది. సీటు ఎత్తు పెంచాడు. తల కప్పుకి కొట్టుకుని బొప్పి కట్టింది. అయితేనేం, పెళ్ళాం ప్రేమ ముందు బొప్పి ఒక లెక్కా!

"నా మోకాళ్ళ గురించి మా అమ్మ కూడా ఇంత బెంగపడలేదయ్యా," అని పక్కింటి ఫరీదుద్దీన్ దగ్గర మురిసిపోయాడు.

ఫరీదుద్దీన్‌ది హైదరాబాదు. స్పేర్ పార్టుల దుకాణం నడుపుతాడు. "మీ నసీబ్ మంచిగుంది సార్. మా మెహర్ సుల్తానాకు నా ఫికరే లేదు. పొద్దుగాల మీ మేడమ్‌ను కార్ల ఎక్కించుకొని కుట్టు క్లాసుకని పోతది. మళ్ళ మధ్యాహ్నందాంక పత్తా ఉండదు," అన్నాడు.

ఆ మాటా నిజమే. ఏళ్ళ తరబడి క్లాసుకి వెళ్తున్నా ఇందిరాదేవి ఒక్క జాకెట్టు కుట్టిన పాపాన పోలేదు. పోనీలే, ఆవిడకీ కాలక్షేపం ఉండాలి కదా అనుకున్నాడు కృష్ణప్రసాద్.

టెస్టు పోయిన ఆ గురువారం సాయంత్రం ఇందిరాదేవి కాఫీ పట్టుకుని బండి దగ్గరికే వచ్చింది.

"చూడండీ, రేపు మన పెళ్ళిరోజు. ఈ బండిలో లుసైల్ సముద్రం దాకా వెళ్ళామా, సరే. లేదా, ఎల్లుండి తుక్కువాడు పట్టుకుపోతాడు. వాడికి చెప్పేశాను కూడా. ఇక తాడో పేడో!"

కృష్ణప్రసాద్ ఇరకాటంలో పడ్డాడు. లైసెన్సు లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుపోతారు. ఎక్కకపోతే బండిని తుక్కువాడు పట్టుకుపోతాడు. ఏడవలేక నవ్వుతూ, ఇప్పిన మరలన్నీ మళ్ళీ బిగించాడు.

శుక్రవారం వాకిట్లో పెళ్ళిసందడే. బానెట్‌కి పసుపూ కుంకుమా, మల్లెదండ. ఫరీదుద్దీన్ దగ్గరుండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. మెహర్ సుల్తానా వీడియో తీస్తోంది. ఇందిరాదేవి పట్టుచీర కట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టి, కృష్ణప్రసాద్ పక్క సీట్లో దర్జాగా ఎక్కి కూర్చుంది. కొబ్బరికాయ పగిలింది. ఇంజిన్ గర్జించింది. చుట్టుపక్కల విల్లాల జనం ఈలలు వేశారు. నిమ్మకాయలు చితికాయి. బండి గేటు దాకా దూసుకెళ్ళి టక్కున ఆగింది.

వీధి చివర రౌండెబౌట్ కనిపిస్తోంది.

"యల్లా సార్, యల్లా! పోనియ్యుండ్రి!" అరిచాడు ఫరీదుద్దీన్.

కృష్ణప్రసాద్ స్టీరింగ్ వదిలేశాడు. ఇంజిన్ ఆపేశాడు. ఇక దాచలేకపోయాడు.

"బండికి ఏ రోగమూ లేదు ఇందిరా. నాకే లైసెన్సు లేదు. వచ్చిందని అబద్ధం చెప్పాను. వెళ్ళినప్పుడల్లా ఫెయిలే, నిన్నా ఫెయిలే. సిగ్గేసి, వచ్చినప్పుడల్లా దీన్ని ఇప్పుకుంటూ కూర్చున్నాను. నీ ఇష్టం, తుక్కువాణ్ణి పిలు," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఈలలు ఆగిపోయాయి. ఇందిరాదేవి నల్లకళ్ళద్దాలు నెత్తిమీదికి నెట్టింది. తలుపు తీసి దిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బండి చుట్టూ తిరిగి వచ్చి, ఆయన వైపు తలుపు బార్లా తెరిచింది.

"ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళా, ఆ పక్క సీట్లోకి జరగండి, నాకు లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది!"